చెల్సీకి మొదటి విదేశీ ఆటగాడు నిల్స్ మిడెల్‌బో: జీతం తీసుకోని కెప్టెన్

#1 ఆఫ్‌సైడ్ అప్పారావు

లండన్ ఫుట్‌బాల్ క్లబ్ చెల్సీ అంటే మన కుర్రాళ్లకు ద్రోగ్బా, హజార్డ్, కాస్త పెద్దవాళ్లకు జోలా. 1999 డిసెంబర్ 26న సౌతాంప్టన్ మీద ఆట మొదలుపెట్టిన చెల్సీ పదకొండు మందిలో ఒక్క బ్రిటిష్ ఆటగాడు కూడా లేడు. ఇంగ్లండ్ లీగ్‌లో అలా జరగడం అదే మొదటిసారి. ఇంతమంది పరదేశీయులకు దారి తీసిన మొట్టమొదటి మనిషి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ థ్రెడ్.

పేరు నిల్స్ మిడెల్‌బో. 1887 అక్టోబర్ 5న పుట్టాడు. పుట్టింది స్వీడన్ దక్షిణాన ఒక చిన్న ఊళ్లో అయినా మనిషి డెన్మార్క్ వాడే. కోపెన్‌హాగన్‌లో కేబీ అనే పాత క్లబ్ ఆయన క్లబ్. ఆరడుగుల రెండంగుళాల పొడుగు. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, 800 మీటర్ల పరుగులోనూ ట్రిపుల్ జంప్‌లోనూ డెన్మార్క్ రికార్డులు పెట్టాడు.

1908 లండన్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్ తన మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. ఆ మ్యాచ్‌లో పడిన మొదటి గోల్ ఈయనదే. అంటే ఆ దేశపు గోల్స్ ఖాతా తెరిచిందే మిడెల్‌బో. 1912లో కెప్టెన్. 1920లో కూడా ఒలింపిక్స్ ఆడాడు. మొత్తం 13 మ్యాచ్‌లు, 7 గోల్స్.

1913లో బ్యాంకు ఉద్యోగం మీద లండన్ వచ్చి చెల్సీలో చేరాడు. నవంబర్ 15న డెర్బీ కౌంటీ మీద మొదటి మ్యాచ్, ఆ రోజే కెప్టెన్సీ! 1922 దాకా ఆ క్లబ్బే. ఇన్నేళ్లూ జీతం కింద ఒక్క పెన్నీ తీసుకోలేదు.

నాకు తెలిసింది ఇంత. మిగతాది మీరు అందుకోండి.

#2 ఇంటర్ కెమిస్ట్రీ బాధితుడు

అన్నా, ఆ 1908 జట్టులో నీల్స్ బోర్ కూడా ఉన్నాడు కదా? మన ఇంటర్ పుస్తకంలో బోర్ నమూనా బోరే. ఒలింపిక్ పతకం, నోబెల్ రెండూ గెలిచిన ఒకే ఒక్క మనిషి అని వాట్సాప్‌లో చూశాను.

#3 లెక్కల మాస్టారు

లేడు బాబూ. ఈ వాట్సాప్ ఫార్వర్డ్ ఏటా తిరిగి వస్తూనే ఉంటుంది. పతకం గెలిచింది తమ్ముడు హరాల్డ్ బోర్. అన్న నీల్స్ గోల్‌కీపర్, ఏబీ అనే క్లబ్‌కి ఆడాడు గానీ దేశం తరఫున ఎప్పుడూ ఆడలేదు. ఒక జర్మన్ జట్టుతో మ్యాచ్ జరుగుతుంటే గోల్ స్తంభం మీద ఏదో లెక్క వేసుకుంటూ నిలబడ్డాడనీ, దూరం నుంచి కొట్టిన బంతి దొర్లుకుంటూ గోల్లోకి పోయిందనీ ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఒలింపిక్ పతకం, నోబెల్ రెండూ ఉన్నాయన్న మాటకు తగ్గ మనిషి వేరే ఉన్నాడు. బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ నోయెల్-బేకర్. 1920లో 1500 మీటర్ల పరుగులో వెండి, 1959లో నోబెల్ శాంతి బహుమతి.

హరాల్డ్ సంగతికొస్తే, నాలాంటి వాళ్లకు ఆయన ముందు గణితవేత్త, తర్వాతే ఫుట్‌బాలర్. కోపెన్‌హాగన్‌లో మాత్రం లెక్క తిరగబడింది. 1910లో ఆయన డాక్టరేట్ కోసం తన పరిశోధనను సభ ముందు సమర్థించుకుంటుంటే వినడానికి వచ్చినవాళ్లలో లెక్కలవాళ్ల కంటే ఫుట్‌బాల్ అభిమానులే ఎక్కువట. ఆ తర్వాత 'ఆల్మోస్ట్ పీరియాడిక్ ఫంక్షన్లు' అనే విభాగానికి ఆద్యుడు ఆయనే. 1914లో జర్మన్ గణితవేత్త ల్యాండవ్‌తో కలిసి జీటా ఫంక్షన్ శూన్యాల మీద తేల్చిన ఫలితాన్ని ఇప్పటికీ ఆ ఇద్దరి పేరుతోనే చెబుతారు.

రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీకి హరాల్డ్ మంచి స్నేహితుడు. డెన్మార్క్‌లో హరాల్డ్‌ని చూసి తిరిగి వెళ్లబోతూ, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే, లెక్కల్లో ఎవరూ తేల్చలేకపోయిన 'రీమాన్ హైపోథెసిస్'కి రుజువు దొరికింది అని హార్డీ ఒక కార్డు ముక్క పోస్టులో పడేసి పడవ ఎక్కాడని చెబుతారు. దేవుడంటే పడని మనిషి హార్డీ. పడవ మునిగితే ఆ రుజువు కనిపెట్టాడన్న కీర్తి తనకు దక్కుతుంది, అంత కీర్తి దేవుడు తనకు దక్కనివ్వడు కాబట్టి పడవ మునగదు అని ఆయన లాజిక్.

#4 ఇంటర్ కెమిస్ట్రీ బాధితుడు

మా లెక్చరర్ ఈ గోల్ స్తంభం కథ చెప్పి ఉంటే నేను కెమిస్ట్రీలో పాసయ్యేవాణ్ణి మాస్టారూ.

#5 కృష్ణలంక కీపర్

1908లో ఫ్రాన్స్‌ని 17-1తో కొట్టారని ఎక్కడో చదివాను. అది అచ్చు తప్పా, నిజమేనా? పదిహేడు గోల్స్ తిన్న కీపర్ ఆ రాత్రి ఎలా నిద్రపోయి ఉంటాడు?

#6 ఆఫ్‌సైడ్ అప్పారావు

నిజమే. అసలు ఆ టోర్నమెంటే ఒక వింత. ఫ్రాన్స్ రెండు జట్లను పంపింది, 'ఎ' ఒకటి, 'బి' ఒకటి. అక్టోబర్ 19న డెన్మార్క్ ముందు 'బి' జట్టును 9-0తో కొట్టింది: వోల్ఫ్‌హాగన్ 4, మిడెల్‌బో 2, హరాల్డ్ బోర్ 2, సోఫస్ నీల్సన్ 1. బొహీమియా తప్పుకోవడంతో ఫ్రాన్స్ 'ఎ' జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే నేరుగా సెమీఫైనల్‌కి వచ్చేసింది. 22న డెన్మార్క్ చేతికి చిక్కింది. అప్పుడు 17-1.

ఆ పదిహేడులో పది సోఫస్ నీల్సన్ ఒక్కడివే. మొదటి మూడు ఆరు నిమిషాల్లోపే అయిపోయాయి. వోల్ఫ్‌హాగన్ నాలుగు, లిండ్‌గ్రెన్ రెండు, మిడెల్‌బో ఒకటి. అటువైపు ఆ ఒక్క గోల్ సార్టోరియస్‌ది. పాపం, ఆ దెబ్బతో ఫ్రాన్స్ వాళ్లు కాంస్యం మ్యాచ్ కూడా ఆడమని ఇంటికి వెళ్లిపోయారు. వాళ్ల చోటులో స్వీడన్ నెదర్లాండ్స్‌తో ఆడి ఓడింది.

24న ఫైనల్, లండన్ వైట్ సిటీ స్టేడియం. గ్రేట్ బ్రిటన్ 2, డెన్మార్క్ 0. చాప్‌మన్ ఒకటి, కెప్టెన్ వివియన్ వుడ్‌వర్డ్ ఒకటి. ఈ వుడ్‌వర్డ్ పేరు గుర్తుంచుకోండి, మన కథలో మళ్లీ వస్తాడు.

అన్నట్టు ఆ డెన్మార్క్ జట్టుకు కోచ్ చార్లీ విలియమ్స్ అనే ఇంగ్లిష్ గోల్‌కీపర్. 1900లో మాంచెస్టర్ సిటీకి ఆడుతూ తన గోల్ దగ్గర నుంచి తన్నిన బంతితో సండర్లండ్ మీద గోల్ కొట్టిన ఘనుడు. కృష్ణలంక కీపర్ గారూ, మీ జాతి పరువు కూడా నిలిచింది.

#7 రికార్డుల రమణ

లెక్కలు నా ఖాతాలో వేసుకుంటాను.

ఒకే అంతర్జాతీయ మ్యాచ్‌లో 10 గోల్స్: సోఫస్ నీల్సన్, 1908. నాలుగేళ్లకు 1912 ఒలింపిక్స్‌లోనే జర్మనీ ఆటగాడు గాట్‌ఫ్రీడ్ ఫుక్స్ రష్యా మీద పది కొట్టి సమం చేశాడు. దాన్ని దాటింది 2001లో, ఆస్ట్రేలియా ఆటగాడు ఆర్చీ థాంప్సన్, అమెరికన్ సమోవా మీద 13. తొంభై ఏళ్లకు పైగా నిలిచిన రికార్డు అన్నమాట.

ఆ కాలపు ఇంకో డెన్మార్క్ ఆటగాడు పాల్ 'టిస్ట్' నీల్సన్, ఇతనూ కేబీ వాడే. 1910 నుంచి 1925 దాకా 38 మ్యాచ్‌ల్లో 52 గోల్స్. జోన్ డాల్ తొమాసన్ కూడా 52 దగ్గరే ఆగాడు, కాకపోతే 112 మ్యాచ్‌లు పట్టాయి. ఇప్పటికీ డెన్మార్క్ టాప్ స్కోరర్లు వీళ్లిద్దరే.

#8 నైజాం వింగర్

అన్నీ బాగానే ఉన్నాయి గానీ నాకొకటి అర్థం కావట్లేదు. అప్పారావు గారు థ్రెడ్ తెరిచింది మిడెల్‌బో మీద. చెల్సీకి ఎనిమిదేళ్లలో ఆయన ఆడినవి 46 మ్యాచ్‌లు. గోల్స్ సున్నా. పది గోల్స్ కొట్టిన సోఫస్‌ని పక్కన పెట్టి ఈయనకెందుకు ఇంత హారతి? జీతం తీసుకోలేదు అన్నది గొప్పతనం ఎలా అవుతుంది? బ్యాంకులో జీతం వస్తుంది కాబట్టి క్లబ్‌లో అక్కర్లేదు. ఆ రోజుల్లో 'డబ్బు కోసం ఆడను' అనగలగడం కూడా డబ్బున్నవాడికే సాధ్యం.

#9 లెఫ్ట్ వింగ్ లక్ష్మి

నైజాం గారూ, ఆ 46 అంకెను అలా ఒంటరిగా చూడకండి. 1913-14లో సీజన్ మొదలై రెండు నెలలు దాటాక వచ్చాడు. 1915లో లీగ్ ఆగిపోయింది, మళ్లీ మొదలైంది 1919లో. నాలుగు సీజన్లు యుద్ధమే తినేసింది. ఆటగాడికి 27 నుంచి 31 ఏళ్లు అంటే అసలు పంట కాలం. యుద్ధకాలంలో ఆడిన మ్యాచ్‌లు ఎవరి ఖాతాలోనూ అధికారికంగా వేయరు. మిగిలిన సీజన్లలో బ్యాంకు పని చూసుకుని వీలైనప్పుడే ఆడేవాడు. రైలెక్కి ఉత్తరాదికి పోయే మ్యాచ్‌లంటే ఉద్యోగస్తుడికి ఎంత కష్టమో మనకు ఎవరైనా చెప్పాలా?

సున్నా గోల్స్ సంగతి. ఆయన చెల్సీలో హాఫ్‌బ్యాక్. అప్పటి 2-3-5 పద్ధతిలో (వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు అయిదుగురు) ఆ మధ్య ముగ్గురికీ గోల్స్ కొట్టే పని తక్కువ, ఎదుటి ఫార్వర్డ్‌లను ఆపి బంతి ముందుకు అందించే పని ఎక్కువ.

#10 కోపెన్‌హాగన్ తెలుగోడు

నమస్తే అందరికీ. పదేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. నైజాం గారు ఎత్తిన డబ్బు విషయం దగ్గర ఒక మాట చెప్పాలి, ఇక్కడివాళ్లు క్లబ్బుల గురించి మాట్లాడేటప్పుడు ఇది ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ కాలంలో కోపెన్‌హాగన్‌లో ఏ క్లబ్‌కి ఆడతావంటే నువ్వు ఏ ఇంటివాడివో తెలిసిపోయేది. కేబీ అంటే కలిగిన కుటుంబాలు, ఉద్యోగస్తులు. బోర్ సోదరులు ఆడిన ఏబీ విశ్వవిద్యాలయం వాళ్లది. సోఫస్ నీల్సన్ ఆడిన ఫ్రెమ్ కార్మికుల క్లబ్. 1908లో ఈ మూడు ఇళ్ల వాళ్లూ ఒకే చొక్కా వేసుకుని లండన్ వెళ్లారు. ప్రొఫెసర్ కొడుకు, కాబోయే బ్యాంకు ఉద్యోగి, పది గోల్స్ కొట్టిన ఫ్రెమ్ కుర్రాడు, ముగ్గురి మెడలోనూ అదే వెండి.

సోఫస్‌కి ఇక్కడ ముద్దుపేరు 'క్రోల్‌బెన్'. మన ఊళ్లో అయితే దొడ్డికాళ్ల సోఫస్ అని ఉండేవాళ్లు. 1912లో కొన్నాళ్లు జర్మనీలో హోల్‌స్టైన్ కీల్‌కి కూడా ఆడి వచ్చాడు.

#11 నైజాం వింగర్

> ఏ క్లబ్‌కి ఆడతావంటే నువ్వు ఏ ఇంటివాడివో తెలిసిపోయేది

నేను చెప్పేదీ ఇదే బ్రదర్. ఇంగ్లండ్ వైపు నుంచి కూడా చూడండి. 1901 నుంచి ప్రొఫెషనల్ ఆటగాడికి వారానికి 4 పౌండ్లు మించి ఇవ్వకూడదని రూల్. 1910లో అది 5 పౌండ్లకు పెరిగింది, అది కూడా అందరికీ కాదు. పైగా క్లబ్ వదిలేదాకా ఆటగాడు కదలడానికి లేదు. కాంట్రాక్టు అయిపోయినా సరే, క్లబ్ పట్టు వదలదు. జీతం లేకుండా ఆడే అమెచ్యూర్‌కి ఈ బాధ ఏదీ లేదు. వీలైతే వస్తాడు, లేకపోతే లేదు. బ్యాంకు మేనేజర్ పిలిస్తే అటే.

అలాంటి మనిషిని వచ్చిన రోజే కెప్టెన్ చేశారు. పక్కన వారానికి అయిదు పౌండ్లకు ఒళ్లు హూనం చేసుకునే పదిమంది ఉన్నారు. వాళ్లకు ఎలా ఉండి ఉంటుంది? ఆ వేతన పరిమితి పోయింది 1961లో. అప్పటిదాకా అమెచ్యూర్ అంటే పెద్దమనిషి, ప్రొఫెషనల్ అంటే కూలి.

#12 సందేహాల సుబ్బు

మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కూడా అంతే కదండీ? రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు. వాళ్లూ ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్లే.

#13 నైజాం వింగర్

సుబ్బు, అక్కడ ఆట బాగా ఆడుతున్నాడని పోలీసు ఉద్యోగం. మిడెల్‌బోకి ఉద్యోగం వేరు, ఆట వేరు. మన వాళ్లకు ఆ ఉద్యోగం ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. రెండూ ఒక గాటన కట్టకు.

#14 ఆఫ్‌సైడ్ అప్పారావు

నైజాం, నువ్వు చెప్పిన రూల్స్ అన్నీ కరెక్టే. కానీ 'పక్కన పదిమందికి ఎలా ఉండి ఉంటుంది' అన్న దగ్గరే నాకు తేడా ఉంది. చెల్సీ డ్రెస్సింగ్ రూమ్‌కి అమెచ్యూర్ కెప్టెన్ కొత్త కాదు. ఇందాక గుర్తుంచుకోమన్న వుడ్‌వర్డ్ 1909 నుంచి అక్కడే ఉన్నాడు, అతనూ జీతం తీసుకోనివాడే, వృత్తి ఆర్కిటెక్టు. 1908 ఫైనల్లో మిడెల్‌బో జట్టు మీద గోల్ కొట్టింది అతనే, 1912 ఫైనల్లో ఎదురుగా నిలబడ్డ కెప్టెన్ కూడా అతనే. స్టాక్‌హోమ్‌లో కరచాలనం చేసుకున్న ఇద్దరు కెప్టెన్లు ఏడాదిన్నర తిరక్కుండానే ఒకే క్లబ్‌లో పక్కపక్కన బూట్లు కట్టుకున్నారు. మిడెల్‌బో ఎలాంటి ఆటగాడో వుడ్‌వర్డ్‌కి ఎవరూ సిఫార్సు చేయాల్సిన పని లేదు. దెబ్బ తిన్నవాడికే తెలుస్తుంది కదా.

ఆ 1912 ఫైనల్ ఎలా జరిగిందో కూడా చూడు. జులై 4, ఒలింపిక్ స్టేడియం. 10వ నిమిషంలో వాల్డెన్, 22లో హోర్, బ్రిటన్ 2-0. 27వ నిమిషంలో ఆంథోన్ ఓల్సెన్ ఒకటి తిరిగిచ్చాడు, 2-1. డెన్మార్క్ అప్పుడే కాస్త పుంజుకుంటోంది. అరగంట ప్రాంతంలో హాఫ్‌బ్యాక్ చార్లెస్ బుక్వాల్డ్ గాయపడి బయటికి నడిచాడు. సబ్‌స్టిట్యూట్ అనే మాటే లేని రోజులు. ఇక చివరిదాకా పదిమందే. ఆ గందరగోళంలో 41లో హోర్, 43లో బెర్రీ. విరామానికి 4-1. ఫ్రాన్స్ అయితే అక్కడితో చాప చుట్టేసేది. డెన్మార్క్ రెండో సగమంతా పదిమందితో ఆడి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. పైగా 81వ నిమిషంలో ఓల్సెన్ ఇంకోటి కొట్టాడు. 4-2. మధ్యలో ఒక మనిషి లేని హాఫ్ లైన్‌ని నలభై అయిదు నిమిషాలు నిలబెట్టిన కెప్టెన్ మిడెల్‌బో. నా హారతి దానికి, జీతానికి కాదు.

#15 లెఫ్ట్ వింగ్ లక్ష్మి

వుడ్‌వర్డ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి 1915 ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) ఫైనల్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏప్రిల్ 24, ఓల్డ్ ట్రాఫర్డ్, చెల్సీ మీద షెఫీల్డ్ యునైటెడ్. స్టాండ్‌ల నిండా సైనికుల యూనిఫాంలే కాబట్టి దాన్ని 'ఖాకీ ఫైనల్' అంటారు. వుడ్‌వర్డ్ అప్పటికే సైన్యంలో ఉన్నాడు, ఫైనల్ కోసం సెలవు ఇచ్చారు. అతను ఆడాలంటే బాబ్ థామ్సన్‌ని కూర్చోబెట్టాలి. థామ్సన్ ఒక కన్ను లేని సెంటర్ ఫార్వర్డ్, జట్టును ఫైనల్ దాకా లాక్కొచ్చినవాళ్లలో ఒకడు. వుడ్‌వర్డ్ ఒప్పుకోలేదు, ఇంతదాకా ఆడినవాడే ఆడాలన్నాడు. చెల్సీ 3-0తో ఓడింది, అది వేరే సంగతి.

నైజాం గారూ, పెద్దమనిషి, కూలి అన్నారు చూడండి, ఆ గీత ఉన్నమాట నిజమే. ఈ ఒక్క మ్యాచ్‌లో మాత్రం పెద్దమనిషి పక్కకు జరిగి జీతగాడికి చోటిచ్చాడు.

#16 నైజాం వింగర్

వుడ్‌వర్డ్‌కి దండం పెడతాను. రూల్ పెట్టినవాళ్లకు పెట్టను.

#17 సందేహాల సుబ్బు

ఇంతకీ మిడెల్‌బో ఇంగ్లండ్ లీగ్ మొత్తానికే మొదటి విదేశీయుడా, చెల్సీకి మాత్రమేనా? ఒక క్విజ్‌లో లీగ్ మొత్తానికి అని చెప్పారు.

#18 రికార్డుల రమణ

చెల్సీకి మాత్రమే. జర్మనీలో పుట్టిన మాక్స్ సీబర్గ్ 1908లోనే టాటెన్‌హామ్‌కి ఆడాడు. ఈజిప్టు నుంచి వచ్చిన హసన్ హెగాజీ 1911లో ఫుల్‌హామ్‌కి ఒక్క లీగ్ మ్యాచ్ ఆడి గోల్ కూడా కొట్టాడు. క్విజ్ వాళ్లకు చెప్పి మార్కు తిరిగి ఇప్పించుకో.

ఇంకో సంగతి. మిడెల్‌బో వచ్చినప్పుడు తలుపు తెరిచే ఉంది, తర్వాత వేసేశారు. 1930లో ఆర్సెనల్ ఆస్ట్రియా గోల్‌కీపర్ రూడీ హీడెన్‌ని తెచ్చుకోబోతే గొడవైంది. 1931లో రూల్ వచ్చింది: విదేశీయుడు ప్రొఫెషనల్‌గా ఆడాలంటే ముందు రెండేళ్లు ఇంగ్లండ్‌లో కాపురం ఉండాలి. పని లేకుండా రెండేళ్లు ఎవడు కూర్చుంటాడు? ఆ రూల్ 1978 దాకా బతికింది. 1999 నాటి చెల్సీ పదకొండు మంది వెనక ఇంత కథ ఉంది.

డెన్మార్క్ వైపు తలుపు ఇంకోరకం. మిడెల్‌బో అమెచ్యూర్‌గానే ఉన్నాడు కాబట్టి లండన్‌లో ఉంటూ కూడా 1920లో దేశానికి ఆడగలిగాడు. 1921లో కార్ల్ హాన్సెన్ అనే కుర్రాడు స్కాట్లండ్ వెళ్లి గ్లాస్గో రేంజర్స్‌లో జీతానికి కుదిరాడు. ఆ తర్వాత జాతీయ జట్టు చొక్కా అతనికి మళ్లీ దక్కలేదు. డబ్బు తీసుకున్నందుకు అంతే. డెన్మార్క్‌లో జీతం ఇచ్చి ఆడించే పద్ధతి వచ్చింది 1978లో.

#19 నైజాం వింగర్

ఇదిగో, ఈ రమణ చెప్పిన రెండో పేరా మీద వేరే థ్రెడ్ తెరవాలి. ఇద్దరూ బ్రిటన్ వెళ్లి ఆడారు. ఒకరికి దేశం జట్టులో చోటు, ఇంకొకరికి గెంటివేత. తేడా జీతం కవరు ఒక్కటే.

#20 కృష్ణలంక కీపర్

1920 ఒలింపిక్స్ అన్నారు, అప్పుడేమైంది? పతకం వచ్చినట్టు లేదే.

#21 ఆఫ్‌సైడ్ అప్పారావు

ఆంట్వెర్ప్ ఒలింపిక్స్. ఆగస్టు 28న మొదటి మ్యాచ్‌లోనే 1-0తో ఇంటికి. కాకపోతే ఎదురుగా ఉన్నది స్పెయిన్. అది స్పెయిన్ చరిత్రలోనే మొదటి అంతర్జాతీయ మ్యాచ్. వాళ్ల గోల్‌లో నిలబడ్డది పందొమ్మిదేళ్ల రికార్డో జమోరా. మీ కీపర్ల కులదైవం! గోల్ కొట్టింది పత్రిసియో. డెన్మార్క్ మొదటి మ్యాచ్‌లో మొదటి గోల్ కొట్టిన మిడెల్‌బో, పన్నెండేళ్ల తర్వాత ఇంకో దేశపు మొదటి మ్యాచ్‌లో ఓడిన వైపు ఉన్నాడు. అక్కడితో జాతీయ జట్టు ముగిసింది.

అంతకు కొన్ని నెలల ముందే చెల్సీతో ఇంకో దెబ్బ. 1919-20లో చెల్సీ లీగ్‌లో మూడో స్థానం, కప్‌లో సెమీఫైనల్. ఆ ఏడాది ఫైనల్ ఎక్కడ పెట్టారో తెలుసా? స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో, అంటే చెల్సీ సొంత మైదానంలో. సెమీస్ గెలిస్తే సొంత గడ్డ మీద కప్ ఫైనల్. ఆస్టన్ విల్లా 3-1తో ఆ ముచ్చట తీరనివ్వలేదు. విల్లానే వచ్చి చెల్సీ మైదానంలో కప్పు ఎత్తుకుపోయింది.

#22 ఇంటర్ కెమిస్ట్రీ బాధితుడు

ఇంటికి పిలిచి కప్పు ఇచ్చి పంపినట్టుంది.

#23 లెఫ్ట్ వింగ్ లక్ష్మి

చెల్సీ తర్వాత ఏం చేశాడు? బ్యాంకుకే అంకితమా?

#24 కోపెన్‌హాగన్ తెలుగోడు

చెల్సీ తర్వాత కొరింథియన్ క్లబ్‌కి కొన్నాళ్లు ఆడాడు. అది కూడా జీతాలు లేని జట్టే. తర్వాత డెన్మార్క్ తిరిగొచ్చి తన పాత క్లబ్ కేబీకి కోచ్‌గా పనిచేశాడు, 1940లో కేబీ డెన్మార్క్ ఛాంపియన్ అయింది. 1976 సెప్టెంబర్‌లో పోయాడు. రమణ గారు చెప్పిన 1978 మార్పుకి రెండేళ్ల ముందు.

కేబీ ఇప్పటికీ ఉంది. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో పీటర్ బాంగ్స్ వై అనే రోడ్డు మీద వాళ్ల మైదానాలు, టెన్నిస్ కోర్టులు, పక్కనే కేబీ హాలెన్ అనే పెద్ద ఇండోర్ హాలు. 1964లో బీటిల్స్ పాడిన హాలు అది, 2011లో కాలిపోతే తిరిగి కట్టారు. ఆదివారం పొద్దున అటు వెళితే చిన్నపిల్లల మ్యాచ్‌లు, గీత బయట థర్మాస్‌లతో నాన్నలు, చినుకులు పడుతున్నా ఎవరూ కదలరు. పెద్ద జట్టు మాత్రం ఇప్పుడు ఆ పేరుతో లేదు. 1992లో కేబీ, బీ 1903 క్లబ్బుల పెద్ద జట్లు కలిసి ఎఫ్‌సీ కోపెన్‌హాగన్ అయ్యాయి.

మన వాళ్లకు నచ్చే ముక్క ఒకటి: 1876లో పుట్టిన ఈ క్లబ్ 1879లో ఫుట్‌బాల్ మొదలుపెట్టింది, దాంతోపాటే క్రికెట్ కూడా. డెన్మార్క్‌లో క్రికెట్టా అని నవ్వకండి, ఇక్కడ మా తెలుగు కుర్రాళ్లు కూడా వారాంతం వస్తే బ్యాటు పట్టుకుని బయల్దేరతారు.

#25 సందేహాల సుబ్బు

అక్కడ మిడెల్‌బో పేరు చెబితే ఎవరైనా గుర్తుపడతారా సార్?

#26 కోపెన్‌హాగన్ తెలుగోడు

ఆఫీసులో అడిగితే ఈ మధ్య కాలపు స్టార్లు లౌడ్రప్, ష్మైకెల్ దగ్గర ఆగిపోతారు. మా పక్క డెస్కు ఆయన మాత్రం 'అన్నదమ్ములంతా ఫుట్‌బాలర్లే కదా' అన్నాడు. అది కూడా నిజమే, 1908 జట్టులో నిల్స్ సోదరుడు క్రిస్టియన్ కూడా ఉన్నాడు.

#27 లెక్కల మాస్టారు

అయితే ఆ జట్టులో మిడెల్‌బోలు ఇద్దరు, బోర్ ఒక్కడే. ఇంకో బోర్‌ని కూడా తీసుకుని ఉంటే ఆ 17-1లో ఆ ఒక్కటి ఎలా పడిందో మనకు తెలిసిపోయేది.

#28 నైజాం వింగర్

సరే, ఆ 1912 రెండో సగం కోసం మిడెల్‌బోకి సగం ఓటు. మిగతా సగం ఓటు, పూర్తి హారతి సోఫస్‌కే. కార్ల్ హాన్సెన్ థ్రెడ్ రేపు రాత్రి తెరుస్తున్నాను. రమణా, రేంజర్స్ లెక్కలు పట్టుకుని రా.

#29 రికార్డుల రమణ

వస్తా. సుబ్బుని క్విజ్ మార్కు సంగతి ఏమైందో చెప్పమను.